బ్రాందీ సీసా మీద ఆ అక్షరాలు ఏం చెబుతాయి?

వైన్ షాపు అరలో ఒక బ్రాందీ మీద వీఎస్ఓపీ అని, పక్కదాని మీద ఎక్స్ఓ అని ఉంటుంది. ఎక్స్ఓ అంటే ఇంకా పాతది, ఇంకా మేలైనది అనుకుని ఎక్కువ డబ్బు పెట్టేస్తాం. అది నిజమో కాదో ఆ సీసా ఎక్కడిదన్న దాని మీద ఆధారపడుతుంది.

ఈ అక్షరాలకు చట్టం కట్టుబాటు పెట్టిన చోట్లలో ఒకటి ఫ్రాన్సులోని కోన్యాక్ ప్రాంతం. అక్కడ తెల్లద్రాక్ష వైన్‌ను రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో నిల్వ చేస్తారు. పీపాలో గడిపిన కాలమే దాని వయసు. సీసాలోకి దిగాక ఎన్నేళ్లు దాచినా వయసు పెరగదు. వీఎస్ అంటే కనీసం 2 ఏళ్లు, వీఎస్ఓపీ అంటే 4, ఎక్స్ఓ అంటే 10. ఎక్స్ఓకు ఒకప్పుడు 6 ఏళ్లే చాలు, 2018లో పదికి పెంచారు. లెక్కించేది మిశ్రమంలోని అన్నిటికన్నా లేత సరుకు వయసును. ముప్పై ఏళ్లదానిలో నాలుగేళ్లది కలిస్తే అది వీఎస్ఓపీయే. వినియోగదారుడి పక్షాన నిలిచే నియమం ఇది.

మన దగ్గర తయారయ్యే బ్రాందీకి ఆ నియమం వర్తించదు. చవక రకాల్లో ఎక్కువ భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. దానికి కొంత ద్రాక్ష స్పిరిట్, రంగు, వాసన కలుపుతారు.

తేడా నాలుకకు తెలుస్తుంది. సోడా, కూల్‌డ్రింక్ కలపకుండా, మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొద్దిగా పోసి ఐదు నిమిషాలు వదిలేయండి. ముక్కు లోపలికి దించకుండా అంచు దగ్గరే వాసన చూడండి. చవక రకంలో పంచదార పాకం, వెనీలా ఎసెన్స్ ఒక్కసారిగా కొడతాయి, ఆ వెనక స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ ఉండదు. గుక్క వేస్తే ముందు తీపి, తర్వాత గొంతులో మంట, అంతటితో సరి. పీపాలో ఉన్నదైతే ఎండుద్రాక్ష, కొయ్య వాసనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మింగాక నాలుక పక్కల సన్నటి వగరు నిలుస్తుంది. ఆ వగరు ఓక్ ఇచ్చింది. నాలుగు చుక్కల నీళ్లు కలిపితే ఇంకా తేటగా తెలుస్తుంది. రంగును మాత్రం నమ్మకండి, కోన్యాక్‌లో కూడా కేరమెల్ కలపడానికి అనుమతి ఉంది.

లేబుల్ వెనక చిన్న అక్షరాలు చదవండి. ద్రాక్షతో చేసిందనీ, పీపాలో ఇన్నేళ్లు ఉందనీ రాసి ఉంటే ఎక్కువ ధర పెట్టొచ్చు. అది లేని ఎక్స్ఓకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.