తెల్లవారుజామున పెరిగే చక్కెర – ఆహార విహార నియమాలు

రాత్రి మితంగా భుజించి, తీపి పదార్థాలను పూర్తిగా విసర్జించినా, ఉదయం పరగడుపున పరీక్షిస్తే రక్తంలో చక్కెర అధికంగా ఉంటున్నదని పలువురు మధుమేహ రోగులు ఆందోళన చెందుతుంటారు. పరగడుపున డెసిలీటరు రక్తంలో చక్కెర 100 మిల్లీగ్రాములకు లోబడి ఉండటం ఆరోగ్య లక్షణం. 126 గానీ, అంతకు మించిగానీ మరల మరల కనిపిస్తే అది మధుమేహం.

కారణమేమి?

నిద్రించే వేళ శరీరానికి కావలసిన చక్కెరను కాలేయమే అందిస్తుంది. తెల్లవారుజామున 3 గంటల నుండి 8 గంటల లోపు కార్టిసాల్, గ్రోత్ హార్మోను వంటివి అధికంగా స్రవించి కాలేయాన్ని ప్రేరేపిస్తాయి. ఆరోగ్యవంతులలో ఇన్సులిన్ ఈ పెరుగుదలను అదుపు చేస్తుంది. మధుమేహ రోగులలో ఆ శక్తి లోపించడం వలన చక్కెర రక్తంలో నిలిచిపోతుంది. ఆలస్యంగా చేసే భోజనం, చాలని మందు కూడా ఇందుకు కారణాలే.

కారణం తెలియాలంటే రెండు మూడు రోజులు పడుకొనే ముందు, రాత్రి 3 గంటలకు, ఉదయం లేవగానే పరీక్షించుకోవాలి. పడుకొనే ముందే ఎక్కువగా ఉంటే దోషం రాత్రి భోజనంలోనో, మందులోనో ఉన్నది. 3 గంటలకు సరిగా ఉండి ఉదయానికి పెరిగితే అది హార్మోనుల ప్రభావం. 3 గంటలకు 70 కంటె తగ్గితే మాత్రం ప్రమాదం; వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీరు త్రాగి, మందు మోతాదు గురించి వైద్యుని సంప్రదించాలి. ఉదయపు అంకె ఒక్కటే చూచి రాత్రి మాత్రను స్వయంగా పెంచుకోవడం ప్రాణాపాయానికి దారి తీయవచ్చు.

మన ప్రాంతంలో శనివారం ఒంటిపూట భుజించేవారు ఎందరో ఉన్నారు. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యునితో చెప్పకుండా ఉపవాసం పాటించరాదు. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు పరగడుపున ఎక్కదలచినవారికీ ఇదే హెచ్చరిక.

పథ్యాపథ్యాలు

సుఖాసీనులై కదలకుండుట, అతినిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు ప్రమేహానికి హేతువులని చరక సంహిత చెబుతున్నది. చక్కెర మాని చిత్తూరు బెల్లం వాడితే దోషం లేదనుకోవడం పొరపాటు. రాత్రి వేళ గిన్నెడు పెరుగన్నం తిని వెంటనే శయనించే అలవాటునూ విడనాడాలి.

రాగిసంగటి మంచి ఆహారమే గాని, అందులో బియ్యం తగ్గించి, ముద్ద చిన్నదిగా చేసుకోవాలి. దానికి తోడు ఆకుకూర పప్పు, ఉలవచారు, చలికాలంలో పితికిపప్పు కూర ఉంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. మెత్తని పిండితో పలుచగా కాచిన రాగిజావ త్వరగా జీర్ణమై చక్కెరను వేగంగా పెంచుతుంది. కనుక జావను మితంగానే త్రాగాలి. మామిడిపండ్లు రాత్రి భోజనానంతరం తినరాదు.

దినచర్య, గృహవైద్యం

రాత్రి భోజనం 7.30 గంటల లోపు ముగించి, 15 నిమిషాలైనా నడవాలి. భోజనానికి, నిద్రకు మధ్య రెండు మూడు గంటల వ్యవధి అవసరం. నిద్ర చాలకపోయినా ఉదయం చక్కెర పెరుగుతుంది. కనుక రాత్రి మేలుకొని పని చేసేవారు పగలైనా తగినంత నిద్రించాలి.

చెంచాడు మెంతులు రాత్రి నానబెట్టి ఉదయం నమిలి తినవచ్చు. మెంతులు చక్కెరను తగ్గిస్తాయని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990 నాటికే వెల్లడించారు. ఉసిరిక చూర్ణం అర చెంచా, పసుపు పావు చెంచా గోరువెచ్చని నీటితో సేవించడం ప్రమేహంలో ఆయుర్వేదం ప్రశంసించిన యోగం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు వైద్యుని అనుమతి లేనిదే దీనిని తీసుకోరాదు.

ఇవన్నీ వైద్యుడు ఇచ్చిన మందులకు తోడ్పడేవే తప్ప వాటికి బదులుగా వాడదగినవి కావు. ఈ నియమాలను మూడు నెలలు శ్రద్ధగా పాటించి, ఆపై హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకొన్నట్లయితే ఫలితం స్పష్టంగా తెలుస్తుంది.