శస్త్రశుద్ధి: ఆసుపత్రిలో కానరాని కొలువు



మన అచ్చంపేట ప్రాంతమున నెవరికైనను శస్త్రచికిత్స అవసరమైనప్పుడు బంధువులు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: "డాక్టరుగారి హస్తవాసి యెట్టిది?" రోగిని అచ్చంపేట ఆసుపత్రికి గొనిపోయినను, నాగర్‌కర్నూలునకు గొనిపోయినను, హైదరాబాదులోని ఉస్మానియాకు గొనిపోయినను ఈ ప్రశ్న మారదు. హస్తవాసిని విచారించుట తప్పు కాదు. కాని ఆ హస్తము పట్టు కత్తిని ఎవరు శుద్ధి చేసిరి, ఎట్లు శుద్ధి చేసిరి అని అడుగువారు మనలో లేరు. ఆ పని చేయువానిని రోగి చూడడు. రోగి బంధువులును చూడరు. ఆసుపత్రిలో నొక మూలగది అతని చోటు. అయినను రోగి ప్రాణము వైద్యుని చేతిలో నెంత కలదో, అతని చేతిలోను అంత కలదు.

ఇది అతిశయోక్తి కాదనుటకు మనకు సమీపముననే ఒక దుఃఖకరమైన నిదర్శనము కలదు. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో ఇబ్రహీంపట్నమున్నది. అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25వ తేదీన ఒక్క దినముననే 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను. కొలది దినములలోనే వారిలో నలుగురు మరణించిరి. తక్కిన 30 మందిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయించిరి. అంటు సోకుటయే ఈ మరణములకు హేతువనియు, శుద్ధి నియమములు సరిగా పాటింపబడలేదనియు ప్రభుత్వ విచారణమున తేలినది. బాధ్యులపై చర్యలు గైకొనబడెను. ఆ నలుగురును చిన్నబిడ్డల తల్లులు. రోగమేదియు లేక, నడచి ఆసుపత్రికి పోయినవారు.

ఇట్టి అంటును నివారించుటకే పెద్ద ఆసుపత్రులలో ఒక ప్రత్యేక విభాగమున్నది. దానిని సి.ఎస్.ఎస్.డి. అందురు. ఆసుపత్రికంతకును వలయు కత్తులు, కత్తెరలు, పట్టకార్లు, గుడ్డలు, దూది మొదలగువానిని ఒక్కచోట శుద్ధిపరచి అందించు శాల యని దాని భావము. అందు పనిచేయువారిని టెక్నీషియనులందురు. చిన్న ఆసుపత్రులలో ఆపరేషను థియేటరులో పనిచేయువారే ఈ పనియు చేయుదురు.

మనకు 'మడి' అనుమాట కొత్తది కాదు. మడిబట్టను వేరుగ ఆరవేసి, మరియొకరు తాకకుండ కాపాడుదురు. తాకినయెడల అది చూపునకు ఎంత తెల్లగానున్నను మరల తడుపవలసినదే. ఆసుపత్రిలోని మడియు ఇట్టిదే. శుద్ధి చేసిన కత్తెర శుద్ధి లేని బల్లకు ఒక్క క్షణము తగిలినను అది మైల కత్తెరయే. అయితే ఒక భేదము కలదు. మన మడి మనుష్యులలో ఎక్కువ తక్కువలు చూచినది. ఆసుపత్రి మడి సూక్ష్మజీవులను మాత్రమే చూచును. పండితుని చేతిమీదను, పామరుని చేతిమీదను అవి సమానముగనే నివసించును.

మన పూర్వులు ఈ విషయమును బొత్తిగ నెరుగనివారు కారు. సుశ్రుతుడు తన సంహితలో 101 యంత్రములను, 20 శస్త్రములను పేర్కొని, వ్రణమునకు గుగ్గిలము, ఆవాలు, వేపాకు మొదలగువానితో ధూపము వేయవలెనని విధించెను. కాని కంటికి కానరాని శత్రువు యొక్క స్వరూపము పందొమ్మిదవ శతాబ్దిలోగాని స్పష్టముగ తెలియలేదు. అంతకు మునుపే మత్తుమందు వచ్చినది. మన హైదరాబాదులోనే ఆరవ నిజాము కాలమున, 1888, 1889 సంవత్సరములలో, క్లోరోఫారమును పరీక్షించుటకు రెండు సంఘములు పనిచేసెను. మత్తుమందు నొప్పిని పోగొట్టెను. కాని గాయము చీము పట్టి రోగి చనిపోవుటను అది ఆపజాలదు.

దానిని ఆపు మార్గమును మొదట చూపినవారిలో వియన్నా నగర వైద్యుడు సెమ్మెల్‌వైసు ఒకడు. అచ్చటి పెద్దాసుపత్రిలో శవములను కోసి పరీక్షించిన చేతులతోనే వైద్యులు, విద్యార్థులు ప్రసవములు చేయుచుండిరి. 1847 ఏప్రిలులో ఆ వార్డునందు బాలింతలు నూటికి 18 మంది మరణించిరి. సున్నపు క్లోరైడు నీటితో చేతులు కడిగినగాని లోనికి రారాదని అతడు మే నెలలో కట్టడి చేయగా, జూనులో మరణములు నూటికి రెంటికి దిగెను. పిదప 1865లో గ్లాస్గో నగరమున లిస్టరను శస్త్రవైద్యుడు, బండిచక్రము క్రింద కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలికామ్లముతో కట్టుకట్టి, చీము పట్టకుండ మాన్పెను. 1879లో పారిసునందు పాస్తరు శిష్యుడు షాంబర్లాను, ఒత్తిడిగల ఆవిరితో శుద్ధిచేయు ఆటోక్లేవు యంత్రమును నిర్మించెను. నేటికిని శస్త్రశుద్ధికి ప్రధానాధారము ఆ యంత్రమే.

నీటిలో మరిగించిన చాలదా, ఆవిరికి ఒత్తిడి యెందుకు అని మీరు అడుగవచ్చును. దీనిని రైతులకు వేరుగ బోధింప నక్కరలేదు. చేనిలో తుంగను దున్నినచో పైయాకు చచ్చును, గడ్డ చావదు. ఎండకాలమంతయు ఎర్రనేలలో అణగియుండి, తొలకరి పడగానే మొలచును. సూక్ష్మజీవులలో కొన్ని ఇట్లే గట్టి కవచము గల బీజరూపమున దాగియుండును. మన్నులోనుండు ధనుర్వాతపు క్రిమి అట్టిదే. నీరు మరుగునది 100 డిగ్రీల వేడిమియందు. ఆ వేడిమిని ఇట్టి బీజములు ఓర్చుకొనగలవు. ఆవిరిని మూసిన పాత్రలో చదరపు అంగుళమునకు 15 పౌనుల ఒత్తిడితో బిగించినచో వేడిమి 121 డిగ్రీలకు పోవును. అందు కనీసము పావుగంట, మూటలు పెద్దవైనచో అరగంట ఉంచిన యెడల బీజములును నశించును. 134 డిగ్రీలు చేరు యంత్రములలో మూడు నాలుగు నిమిషములే చాలును. మన యిండ్లలో పప్పు ఉడికించు కుక్కరునందలి సూత్రమిదియే.

ఇక ఆ టెక్నీషియను దినచర్యను వినుడు. శస్త్రచికిత్స ముగిసిన పనిముట్లు మూసిన పెట్టెలో అతని యొద్దకు వచ్చును. నెత్తురు ఎండక మునుపే వానిని తడిపి యుంచవలెను. మొదట వేడినీరు పోయరాదు. పోసినచో నెత్తురు గ్రుడ్డుసొనవలె గడ్డకట్టి ఇనుమునకు పట్టుకొనును. చేతులకు మందమైన తొడుగులు, కన్నులకు అద్దము, ఒంటికి తడియంటని వస్త్రము ధరించి, ప్రతి పట్టకారు కీలును విప్పి, నెత్తురును కరిగించు ద్రావకములో నానవేసి, నీటి లోపలనే ఉంచి కుంచెతో తోమును. పైన తోమినచో తుంపరలు ముఖముపై పడును. సన్నని గొట్టముల లోపల సన్నని కుంచెను ఈ కొననుండి ఆ కొనకు దూర్చి తీయును. ఇచ్చట ఒక ధర్మసూక్ష్మము కలదు. మురికి మిగిలిన చోటికి ఆవిరి చేరదు. పాచిపట్టిన చట్టిని తోమక పొయ్యిమీద పెట్టినంతమాత్రమున అది శుద్ధము కానట్లే, తోమని శస్త్రమును ఎంత కాచినను శుద్ధము కాదు.

పిదప ఆ పనిముట్లు మరియొక గదికి పోవును. మైల గదినుండి మడి గదికి పోవుటయే కాని మరలి వచ్చుట లేదు. అచ్చట వెలుతురులో, భూతద్దముతో చూచి, కత్తెర పదును, పట్టకారు పట్టు పరీక్షించి, పట్టిక ప్రకారము లెక్కపెట్టి, రెండు పొరల గుడ్డలో కట్టి, తేదీని వ్రాసి ఆటోక్లేవులో పేర్చును.

పేర్చుటలోను విద్య కలదు. మన ఊరి చాకలి బట్టలను చవుటిలో తడిపి ఉబ్బ పెట్టుట మీరెరుగుదురు. బట్టలను కుక్కి పేర్చినచో ఆవిరి నడిమికి పోదు, మురికి విడువదు. అనుభవము గల చాకలి సందు విడిచి పేర్చును. ఆటోక్లేవులోను అంతే. మూటల నడుమ గాలి నిలిచినచో అచ్చట ఆవిరి చొరదు. గాలి యంతయు పోవుచున్నదో లేదో చూచుటకు, లోపలి గాలిని లాగివేయు పెద్ద యంత్రములలో ప్రతి ఉదయమున ఒక పరీక్ష చేయుదురు. బోవీ, డిక్ అను నిద్దరి పేర దానిని పిలుతురు. మూట తడిగా వెలువడినచో దానిని త్రోసిపుచ్చవలెను. తడిగుడ్డగుండ సూక్ష్మజీవులు లోనికి ప్రాకును.

ఇంతయు చేసినను శుద్ధి జరిగినదని ఎట్లు తెలియును? శుద్ధమైన కత్తియు, శుద్ధము కాని కత్తియు కంటికి ఒక్కతీరుననే మెరయును. ఈ కొలువులోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది. మూటపై అంటించిన పట్టీ మీద వేడికి నల్లని చారలు తేలును. కాని ఆ పట్టీ, మూట వేడి తగిలి వచ్చినదని చెప్పునే కాని లోపలి బీజములు చచ్చినవని చెప్పదు. కావున మిక్కిలి మొండివగు బీజములను ఒక చిన్న సీసాలో నుంచి మూటలతోపాటు యంత్రములో పెట్టుదురు. పిదప ఆ సీసాను వెచ్చగా ఉంచి, అందలి బీజములు మొలచునేమో కనిపెట్టుదురు. మొలవనిచో శుద్ధి సిద్ధించినట్లు. మొలచినచో ఆ మూటలన్నిటిని వెనుకకు తెప్పింపవలెను. ఈ లెక్కలన్నియు పుస్తకమున వ్రాయబడవలెను. ఎవ్వరును చూడని గదిలో, ఎవ్వరికిని కనబడని దోషమును, తనంతట తాను పట్టుకొని పుస్తకములో వ్రాయవలెనన్నచో ఆ మనుష్యునకు చేతిపనితోపాటు సత్యనిష్ఠయు ఉండవలెను.

ఆవిరికి ఓర్వని పరికరములును కలవు. కడుపులో చిన్న రంధ్రము చేసి లోపల చూచుటకు వాడు లాపరోస్కోపు అను దర్శనీనాళములలో ననేకము అట్టివి. వానిని తోమి, కడిగి, గ్లూటరాల్డిహైడు ద్రావకములో నుంచుదురు. సాధారణ క్రిములు చచ్చుటకు కనీసము 20 నిమిషములు పట్టును. బీజములును చచ్చుటకు 10 గంటలు పట్టును. తోముట, కడుగుట కలిపి ఒక్కొక్క నాళమునకు ఒకరికిని మరియొకరికిని నడుమ అరగంటకు తక్కువ పట్టదు. ఒక్క నాళముతో నాలుగు గంటలలో ఎందరికి చేయవచ్చునో మీరే లెక్కింపుడు, ఎనిమిదికి మించదు. ఇందుచేతనే శిబిరమున ఒక వైద్యబృందము రోజునకు 30 శస్త్రచికిత్సలకు మించరాదనియు, అందులకు మూడు నాళములుండవలెననియు భారత ప్రభుత్వము నియమము చేసినది. అట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని 2016 సెప్టెంబరు 14వ తేదీన సుప్రీముకోర్టు ఆదేశించియుండెను. ఇబ్రహీంపట్నపు దుర్ఘటన దానికి ఆరేండ్ల తరువాతిది.

పెద్దలారా, ఈ లెక్కలో మన పాలును కొంత కలదు. ఆసుపత్రిలో రద్దీ యున్న దినమున "మేము దూరమునుండి వచ్చినాము, మావారిదియు నేడే ముగించుడు" అని పట్టుపట్టువారు మనమే. డాక్టరు రేపు రమ్మన్నచో కోపగించి, తెలిసినవారిచేత చెప్పించువారమును మనమే. ఆవిరికి సిఫారసు లేదు. ద్రావకములోని 20 నిమిషములను ఎంతటివాడును 10 నిమిషములకు తగ్గింపజాలడు. పనిముట్లు సిద్ధముగ లేవని రేపటికి నిలుపు వైద్యుడు మనకు మేలు చేయుచున్నాడని గ్రహింపవలెను.

మరియొక మాట. ఆసుపత్రి అభివృద్ధిని గూర్చి సభలు జరిగినప్పుడు మనము పడకలెన్ని, డాక్టర్లెందరు అని అడుగుదుము. ఇకమీదట మూడు ప్రశ్నలు కూడ అడుగుడు. శస్త్రశుద్ధికి శిక్షణ పొందిన మనుష్యుడు వేరుగ కలడా? బీజపరీక్ష క్రమముగ జరుగుచున్నదా, దాని పుస్తకము కలదా? కరెంటు పోయిన దినమున ఆటోక్లేవు నడచుటకు ఏర్పాటు కలదా? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. అడుగు ధైర్యము చాలును.

ఈ విద్యను నేర్పు శిక్షణలు నేడు కలవు. మన పిల్లలలో నిదానము, శుచి, అబద్ధమాడని స్వభావము గలవారిని ఇందులకు ప్రోత్సహింపుడు. ఇది అంట్లు తోముపని యని చిన్నచూపు చూడకుడు. సూదులు గ్రుచ్చుకొను భయము, వేడిమి, ద్రావకముల ఘాటు ఓర్చుకొని అతడు చేయు పనికి రోగి కృతజ్ఞత చెప్పుట ఎన్నడును జరుగదు. అతడెవరో రోగికి తెలియనే తెలియదు. గాయము చీము పట్టక మానిన ప్రతిసారియు ఆ ఘనతలో అతని పాలును కలదని మనమైనను ఎరిగియుండుట న్యాయము.