పాత జీపు: తీగెల అతుకులు, స్టీరింగు కీళ్లు

 

మన పల్లెల్లో పాత జీపులు, పాత కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఆ కారును కంటికి రెప్పలా చూసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక పాత జీపు సంగతి వేరే చెప్పాలా? విత్తనాల బస్తాలు తెచ్చేది అదే. పెళ్లికి పదిమందిని ఎక్కించుకుని పోయేది అదే. అర్ధరాత్రి జబ్బు మనిషిని ఆసుపత్రికి చేర్చేదీ అదే.

ఇంజను చప్పుడు కొంచెం మారితే చాలు, మేస్త్రీ దగ్గరకు పరుగెత్తుతాం. కాని కరెంటు తీగెలను, స్టీరింగును నడిచినన్నాళ్లు నడవనిస్తాం. ఇంజను ఆగిపోతే బండి దారిలో నిలబడుతుంది, అంతే. తీగెలు కాలితే బండి తగలబడుతుంది. స్టీరింగు ఊడితే బండి చెరువు గట్టు దిగిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చేవి ఈ రెండే. కాబట్టి ఈ పూట వీటిని గురించే చెప్పుకుందాము.

“ఉన్నట్టుండి పాడైపోయిందండీ” అని తరచుగా అంటూ ఉంటాం. పాత బండిలో ఈ రెండు జబ్బులూ చాలావరకు అతుకుల దగ్గరే, నెమ్మదిగా పుడతాయి. తీగెకు అతుకు ఉంటుంది, స్టీరింగుకు కీలు ఉంటుంది. అవి వదులైతే తీగె వేడెక్కుతుంది, స్టీరింగు ఊగుతుంది. రెండూ ముందుగా కబురు పంపిన తరువాతనే పాడవుతాయి. ఆ కబురు ఎట్లా ఉంటుందో తెలుసుకుంటే చాలు.

మొదట తీగెల సంగతి చూద్దాం. బ్యాటరీనుంచి కరెంటు తీగెలో బయలుదేరి, స్విచ్చి దాటి, బల్బు వెలిగిస్తుంది. తిరిగి బ్యాటరీకి రావటానికి చాలాచోట్ల వేరే తీగె ఉండదు. బండి ఇనుప శరీరమే తిరుగుదారి. దీనినే ఎర్తు అంటారు. పోయే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం. ఈ సంగతి మరచిపోయి బల్బులు మార్చి మార్చి డబ్బు పోగొట్టుకునేవారు చాలామంది.

ఒక లెక్క చెబుతాను, వినండి. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిస్తే 90 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద ఇవి 7.5 అంపీర్ల కరెంటు తీసుకుంటాయి. దారిలో ఒక అతుకు వదులై అక్కడ ఒక్క వోల్టు పోయిందనుకోండి. చింతగింజంత చోట 7.5 వాట్ల వేడి పుడుతుంది. రాత్రంతా ప్రయాణం చేస్తే తీగెమీది తొడుగు మెత్తబడుతుంది, కరుగుతుంది, చివరకు కాలుతుంది.

వెలుతురు చాలటం లేదని కొందరు 100 వాట్ల బల్బులు వేయిస్తారు. అప్పుడు కరెంటు 7.5 నుంచి సుమారు 16.7 అంపీర్లకు పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగెలో వేడి నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కన అదే పాత తీగెలో వేడి దాదాపు అయిదు రెట్లు. తీగె పాతది, తొడుగు పెళుసుబారినది, పైన అయిదు రెట్ల వేడి! బల్బు మార్చేముందు దీపం అద్దం తుడిచి, అతుకులు శుభ్రం చేయించండి. సగం వెలుతురు అక్కడే దొరుకుతుంది. పెద్ద బల్బే కావాలంటే రిలే పెట్టించి, బ్యాటరీనుంచి కొత్త లావు తీగె, దానికి తగిన ఫ్యూజు వేయించవలెను. ఇంకా 6 వోల్టుల మీదనే నడిచే మరీ పాత జీపులలో అంతే వాట్ల బల్బుకు రెట్టింపు కరెంటు పోతుంది. అక్కడ మరింత జాగ్రత్త కావాలి.

ఫ్యూజు కాలినప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమో, రాగి తీగ ముక్కో పెట్టి బండి నడపటం మన అలవాటు. ఫ్యూజు కాలితే అది తన పని తాను చేసిందన్నమాట. దానికి బదులు లావు తీగ పెడితే, కాలే వంతు బండిదవుతుంది. చాలా పాత బండ్లలో ఫ్యూజులు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. హెడ్‌లైట్ల దారిలో అసలే లేకపోవచ్చు. మంచి ఎలక్ట్రీషియన్‌తో విడివిడిగా ఫ్యూజులు వేయించుకోవటం, బ్యాటరీ పక్కన కరెంటంతా ఒక్కసారి ఆపే కటాఫ్ స్విచ్చి పెట్టించుకోవటం మంచి ఖర్చు. బండి కొట్టంలో, గడ్డివాము పక్కన నిలిపే ఇళ్లలో ఈ స్విచ్చి తప్పనిసరి అనే చెప్పాలి.

ఇక కబుర్లు. కుడివైపు తిరిగే లైటు వేస్తే వెనక దీపాలన్నీ కలిసి మిణుకుమిణుకుమంటే, వెనకవైపు ఎర్తు చెడినదని అనుకోవాలి. ఒక హెడ్‌లైటు మాత్రం గుడ్డిగా ఉంటే ఆ దీపం ఎర్తు తుప్పు పట్టి ఉండవచ్చు. సెల్ఫ్ కొట్టినప్పుడు చోకు తీగె వేడెక్కితే, ఇంజనుకు, ఛాసిస్‌కు మధ్య ఉండే లావు ఎర్తు పట్టీ వదులైందన్నమాట. సరైన దారి దొరకక సెల్ఫ్ కరెంటంతా ఆ సన్నని చోకు తీగె గుండా పోతున్నది. ఇది చాలా ప్రమాదం. ఆ పట్టీ విప్పి, రెండు కొసలూ, అవి కూర్చునే చోటూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించండి.

కోతల తరువాత బండి నెలల తరబడి కదలకుండా ధాన్యం పక్కన ఉంటుంది. అప్పుడు ఎలుకలు చేరి తీగెలు కొరుకుతాయి. మళ్లీ బండి తీసే ముందు బోనెట్టు ఎత్తి చూడండి. గూడు కట్టిన గడ్డి, ఎలుక పెంటికలు కనబడితే తీగెలు పరీక్షించకుండా సెల్ఫ్ కొట్టవద్దు.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు తీగెలు, కొసలకు క్లిప్పులు, అంతే. ఒక కొసను శుభ్రంగా ఉన్న ఇనుముకు తగిలించి, రెండవదానితో తీగె దారి వెంట ఒక్కొక్క అతుకునూ తాకి చూడాలి. ఎంతవరకు వెలిగితే అంతవరకు కరెంటు వస్తున్నదన్నమాట. వెలగటం ఎక్కడ ఆగితే దానికి వెనకనే తప్పు. దొంగతనంగా కరెంటు కారుతున్నదేమో చూడాలంటే, స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీ ఎర్తు తీగె విప్పి, ఆ తీగెకు, బ్యాటరీ కొసకు మధ్య ఈ బల్బు తగిలించండి. గడియారం, రేడియో వంటివి లేని పాత జీపులో బల్బు వెలగరాదు. వెలిగితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీసినప్పుడు ఆరిపోతుందో ఆ దారిలో తప్పు ఉన్నది.

బ్యాటరీ దగ్గర ఒక నియమం మరువవద్దు. విప్పేటప్పుడు ఎర్తు కొస మొదట, బిగించేటప్పుడు ఎర్తు కొస చివర. కొన్ని పాత కార్లలో ప్లస్ కొస ఎర్తుగా ఉంటుంది. బండి శరీరానికి ఏది తగిలి ఉంటే అదే ఎర్తు. బ్యాటరీనుంచి మండే వాయువు వస్తుంది కనుక అక్కడ బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

దారిలో కాలిన వాసన వచ్చిందనుకోండి, “ఊరు దగ్గరకొచ్చేసింది, పోనీ” అనుకోవద్దు. బండి ఎడమకు తీసి ఆపాలి. గడ్డి, చెత్త లేని చోటయితే మేలు. ఇంజను ఆపి, మొదట మనుషులను దింపాలి. తరువాత కటాఫ్ స్విచ్చి ఆపాలి. అది లేకపోతే, ఇంకా మంట లేనప్పుడు మాత్రమే ఎర్తు తీగె విప్పాలి. బోనెట్టు కింద మంట కనబడితే దానిని బార్లా తెరవవద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. నీళ్లు పోయవద్దు. మంటలార్పే పొడి సిలిండరు ఉంటే సందులోనుంచి కొట్టండి. లేకపోతే దూరంగా జరగండి. బండి మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇప్పుడు స్టీరింగు దగ్గరకు వద్దాము. చేతిలోని చక్రం తిప్పితే ముందు చక్రం ఎట్లా తిరుగుతుంది? పాత జీపులో స్టీరింగు పెట్టె ఉంటుంది. దానినుంచి ఒక చెయ్యి కిందికి దిగుతుంది. అది డ్రాగ్ లింకును లాగుతుంది, ఆ లాగుడు టై రాడ్‌లకు, టై రాడ్‌లనుంచి చక్రాలకు పోతుంది. చక్రాలు కింగ్ పిన్నుల మీద తిరుగుతాయి. అంబాసిడర్ కారులో పెట్టెకు బదులు ర్యాక్, పినియన్ ఉంటాయి. ఏదయినా మధ్యలో గుండు కీళ్లు ఉంటాయి. ఆ కీళ్ల నట్లు ఊడకుండా స్ప్లిట్ పిన్నులు ఉంటాయి. ఎడ్లబండి ఇరుసుకు కడచీల ఎట్లాంటిదో, జీపు స్టీరింగుకు స్ప్లిట్ పిన్ను అట్లాంటిది. కడచీల లేని బండి తోలుతామా? కాని పిన్ను లేని జీపు తోలుతున్నాం, మేకు ముక్కో, ఇనుప తీగో గుచ్చి తోలుతున్నాం!

చట్టం ఏమంటున్నది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 98వ నిబంధన ప్రకారం చేతిచక్రంలో ఊరికే తిరిగే వదులు 30 డిగ్రీలకు మించరాదు. గుండు కీళ్లకు రబ్బరు టోపీలు ఉండాలి, బోల్టులు, పిన్నులు ఊడకుండా బిగింపు ఉండాలి. ముప్పై డిగ్రీలంటే గడియారంలో ఒక అంకెనుంచి పక్క అంకెకు ఉన్న దూరం. అది దాటరాని గట్టు. బాగున్న బండిలో వదులు అంతకు చాలా తక్కువగా ఉంటుంది.

వదులు ఎక్కడున్నదో ఇద్దరు మనుషులు పావుగంటలో కనిపెట్టవచ్చు. బండిని చదును నేలమీద నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఒకరు చేతిచక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. రెండవవారు పెట్టెనుంచి చక్రం వరకు ఒక్కొక్క కీలు మీదా చెయ్యి వేసి చూడాలి. ఒకవైపు కదిలి రెండవవైపు కదలని కీలే అరిగిన కీలు. తరువాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద గట్టి కర్ర దిమ్మ పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే చక్రం బేరింగో, కింగ్ పిన్నో అరిగిందన్నమాట. కుడి ఎడమలకు ఊపినప్పుడు ఊగితే టై రాడ్ కీళ్లను అనుమానించండి. ఉత్త జాకీని నమ్మి బండి కిందకు ఎన్నడూ దూరవద్దు.

ఈ పరీక్ష చేయకుండా కొందరు స్టీరింగు పెట్టె స్క్రూ బిగించి వదులు పోయిందంటారు. తప్పు కీలులో ఉంటే పెట్టె బిగిస్తే ఏం లాభం? పైగా మలుపులో చక్రం బిగుసుకుని, తిరిగి రాకుండా పోతుంది. టై రాడ్ కాని, దిగుడు చెయ్యి కాని వంగినా, పగుళ్లు పట్టినా వెల్డింగు చేయించవద్దు. ఆ వేడికి ఉక్కు గుణం మారుతుంది. పైకి బాగానే కనబడి, ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. కొత్తదే వేయించాలి.

ఒక వేగం దగ్గర, గుంటలో పడగానే, ముందు చక్రాలు గజగజ వణకటం పాత జీపులలో తరచుగా చూస్తాం. అరిగిన కీళ్లు, వదులైన కింగ్ పిన్ను బేరింగులు, టైర్లలో ఎచ్చుతగ్గు గాలి దీనికి కారణాలు. అప్పుడు చక్రం గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, మెల్లగా వేగం తగ్గనివ్వండి. చక్రంతో పెనుగులాడవద్దు, ఒక్కసారిగా బ్రేకు తొక్కవద్దు. ఒకవేళ స్టీరింగు పూర్తిగా పట్టు తప్పితే హారన్ కొడుతూ, గేరులోనే ఉంచి, బ్రేకు మెల్లమెల్లగా నొక్కి ఆపాలి. తాళం చెవి మాత్రం లాగవద్దు. చెవి తీస్తే స్టీరింగు బిగుసుకునే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నది.

రెండు జబ్బులూ ఒక్కచోట కలిసేది కూడా చెప్పాలి. జీపులో హారన్ తీగె స్టీరింగు గొట్టంలోనుంచి పైకి వస్తుంది. పైనున్న బుష్ అరిగితే చక్రం ఊగుతుంది, ఆ ఊగుడుకు తీగె ఒరుసుకుంటుంది. తొడుగు పోయి తీగె ఇనుముకు తగలగానే, బొత్తాం నొక్కకుండానే హారన్ మోగుతుంది. మలుపు తిప్పినప్పుడల్లా హారన్ దానంతట అదే మోగితే పిల్లలు నవ్వుతారు, మనమూ నవ్వుకుంటాం, చివరకు హారన్ తీగె పీకేస్తాం. అది బండి పంపిన కబురు. తీగె మార్చండి, దానితోపాటు బుష్ కూడా మార్చండి.

నెలకొకసారి అరపూట ఈ పనికి కేటాయించండి. బ్యాటరీ కొసలమీది తెల్లని పూతను వంటసోడా కలిపిన నీటితో కడగండి, ఆ నీరు లోపలికి పోకుండా చూడండి. ఆరిన తరువాత బిగించి వాసెలిన్ రాయండి. ఎర్తు పట్టీలు, ఫ్యూజులు, స్ప్లిట్ పిన్నులు, రబ్బరు టోపీలు చూడండి. టైర్లలో గాలి సరిచూడండి. గ్రీజు నిపిల్ ఉన్న కీళ్లకు సుమారు 1,500 కిలోమీటర్లకొకసారి గ్రీజు కొట్టండి. వాగు దాటినా, బురద పొలంలో దిగినా వెంటనే కొట్టండి.

సొంత బండికి పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి, ఆపై అయిదేళ్లకొకసారి తనిఖీకి పోవాలి. తనిఖీ నాటికి బాగు చేయిద్దాంలే అనుకుంటే, అయిదేళ్లలో ఎన్ని ప్రయాణాలు, ఎందరు పిల్లలు ఆ బండి ఎక్కుతారో ఆలోచించండి. గోటితో పోయేదానిని గొడ్డలిదాకా తేవద్దని పెద్దలు ఊరకే అనలేదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతుల సమావేశానికి జీపులో పోయినప్పుడు సభ ముగిశాక ఆ జీపు దగ్గరే అందరినీ నిలబెట్టి, చేతిచక్రం ఆడించి కీళ్ల పరీక్ష, చిన్న బల్బుతో తీగెల పరీక్ష చేసి చూపండి. ట్రాక్టరు ఉన్న రైతుకూ ఇది పనికివస్తుంది. ట్రాక్టరు స్టీరింగుకూ ఈ కీళ్లే, దాని బ్యాటరీకీ ఈ ఎర్తే. చెవితో విన్నది మరచిపోయినా చేత్తో ఊపి చూసినది మరచిపోరు.