మధ్యధరా తీరపు వంట – ఒక యాత్రికుని జ్ఞాపకాలు

యాత్రికులు చూచిన కోటలను, మసీదులను, రాజసభలను గూర్చి చరిత్ర విద్యార్థులు శ్రద్ధగా చదువుతారు. వారు ఏ ఊరిలో ఏమి భుజించారో అంత శ్రద్ధగా చదివేవారు అరుదు. కాని ఒక జాతి జీవన విధానం రాజసభలో కంటె వంటయింటిలోనే ఎక్కువగా తెలియవస్తుందని మా అభిప్రాయం. అందుచేత సుప్రసిద్ధ యాత్రికుడైన ఇబ్న్ బతూతాను ఈ దృష్టితో పాఠకులకు పరిచయం చేయదలచాము.

ఇబ్న్ బతూతా 1304లో మొరాకో దేశంలోని టాంజియర్ పట్టణంలో జన్మించాడు. మధ్యధరా సముద్రం అట్లాంటిక్ మహాసముద్రంతో కలిసే జలసంధి ఒడ్డున గల రేవు అది. 1325లో, 21 ఏండ్ల ప్రాయంలో, తల్లిదండ్రులను విడిచి హజ్ యాత్రకు ఒంటరిగా బయలుదేరాడు. అతడు తిరిగి స్వదేశం చేరింది 1349లో.

అతడు పుట్టి పెరిగిన సీమలో ఇంటి భోజనమంటే గోధుమ రొట్టె, ఆలివ్ నూనె, పప్పుదినుసులు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం. ఆలివ్‌నే మనం ఉర్దూలో జైతూన్ అంటాము. ఆ తీరమంతటికీ ముఖ్యమైన మరొక వంటకం కుస్కుస్. గోధుమ రవ్వను వెడల్పయిన పళ్ళెంలో పోసి, ఉప్పునీరు చిలకరిస్తూ అరచేతితో గుండ్రంగా రుద్దితే సన్నని పలుకులు ఏర్పడతాయి. క్రింది కుండలో మాంసం, కూరలు ఉడుకుతూ ఉండగా, పైన చిల్లుల పాత్రలో ఈ పలుకులు ఆ ఆవిరికే ఉడుకుతాయి. మధ్యమధ్య దించి, ఉండలు విడదీసి, మరల ఆవిరికి పెట్టాలి. మొరాకోలో శుక్రవారపు నమాజు తరువాత ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుండి దీనిని భుజించే ఆచారం నేటికీ ఉన్నది.

నేడు ఆ వంటలలో విరివిగా కనిపించే టమాటా, మిరప ఇబ్న్ బతూతా కాలంలో అక్కడ లేవు. 1492 తరువాత అవి అమెరికా ఖండం నుండి వచ్చాయి. మన ఆంధ్ర భోజనానికి ప్రాణమనదగిన మిరపకు కూడా ఇదే చరిత్ర.

ఇబ్న్ బతూతా వెళ్ళిన చోటనల్లా అక్కడి ఆహారాన్ని గుర్తుంచుకున్నాడు. పాలస్తీనాలోని నాబ్లస్ పట్టణపు ఆలివ్ తోటలను, అక్కడి నుండి ఈజిప్టుకు, డమాస్కస్‌కు ఎగుమతి అయ్యే నూనెను వర్ణించాడు. అనతోలియాలోని అంటాల్యాలో తిన్న జల్దారు పండ్లను మెచ్చుకున్నాడు. 1333లో హిందూదేశం చేరి, ఢిల్లీలో సమోసాలను రుచి చూచాడు. ఇక్కడివారు పచ్చి మామిడికాయలను ఉప్పువేసి ఊరబెట్టడం చూచి, మా దేశంలో నిమ్మకాయలను ఊరబెట్టినట్లే ఉన్నదని వ్రాసుకున్నాడు. మన ఊరగాయ జాడీ ముందు నిలిచిన ఆ మొరాకోవాసికి తన ఇంటి నిమ్మకాయ జ్ఞప్తికి వచ్చిందన్నమాట!

అయితే రుచి చూడడం వేరు, అలవాటు పడడం వేరు. మలబారు, మాల్దీవులు, సింహళం మొదలైన ప్రాంతాలలో అతడు మూడేండ్లపాటు అన్నం తప్ప వేరు ఎరుగక గడిపాడు. చివరకు నీటి సహాయం లేనిదే ముద్ద గొంతు దిగలేదని చెప్పుకున్నాడు. మనకు పరమాన్నమైనది రొట్టెతో పెరిగినవానికి ఎంత భారమయిందో గమనించండి. వసతిగృహంలో మొదటి నెల గడిపిన విద్యార్థులకు ఈ బాధ విడమరచి చెప్పనవసరం లేదు.

తుదకు అతడు ఇల్లు చేరబోతున్న సమయంలో, తల్లి ప్లేగు వ్యాధితో మరణించిన వార్త దారిలోనే తెలిసింది. టాంజియర్ చేరి ఆమె సమాధిని దర్శించాడు. తరువాత సుల్తాను ఆజ్ఞపై తన యాత్రానుభవాలను చెప్పగా, ఇబ్న్ జుజయ్ అను పండితుడు 1355లో ఆ గ్రంథాన్ని పూర్తిచేశాడు. అందులో మొరాకోలోని మాంసం, పండ్ల ధరలను ఈజిప్టు, సిరియాలతో పోల్చి, తన దేశమే మేలని ఇబ్న్ బతూతా వాదించాడు. సుల్తానుల విందులెన్నో అందులో ఉన్నాయి. తల్లి వండిపెట్టిన భోజనపు వర్ణన మాత్రం మాకు కనిపించలేదు. బహుశా అది ఎప్పటికీ ఉంటుందనుకొని ఎవరూ వ్రాసిపెట్టరు కాబోలు.

ఈ లోపాన్ని ప్రపంచం ఆలస్యంగానైనా గుర్తించింది. యునెస్కో సంస్థ 2010లో స్పెయిన్, గ్రీసు, ఇటలీ, మొరాకో దేశాల మధ్యధరా ఆహార సంప్రదాయాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. 2013లో సైప్రస్, క్రొయేషియా, పోర్చుగల్ దేశాలు అందులో చేరాయి. కుస్కుస్ తయారుచేసే విద్యకు 2020లో ఆ గౌరవం లభించింది. ఈ విద్యను నిలిపినవారు రాజులు కారు. కుమార్తెలకు చేతిలో చేయి వేసి నేర్పిన తల్లులు.

విద్యార్థి మిత్రులారా! చదువు కోసం, ఉద్యోగం కోసం మీలో అనేకులు దూరదేశాలకు వెళ్ళనున్నారు. వెళ్ళండి, కొత్త రుచులను ఆదరించండి. కాని ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క పూట వంటయింటిలో కూర్చుండి, అమ్మ చేసే ఒక్క వంటకాన్నయినా అడిగి, నేర్చి, కాగితంపై వ్రాసుకొనండి. ఇబ్న్ బతూతాకు దక్కని ఆ అవకాశం మీకు ఇంకను ఉన్నది.