అడుగుట నేర్చిన పెద్దరికము

వాల్మీకి రామాయణమున సేతుబంధన ఘట్టము చదివినప్పుడెల్ల నాకొక సంగతి వింతగా తోచును. వారధి గట్టు నేర్పు నలునికి కలదని సముద్రుడు చెప్పువరకు రామునకు తెలియదు. నలుడో, ఆ సేనలోనే యున్నాడు! అడుగనిదే తన గుణములను తాను చెప్పుకొనలేదని యతడే పలుకును. అడిగిన పిమ్మట నూరు యోజనముల వారధి 5 దినములలో ముగిసినది. మొదటినాడు 14 యోజనములు, కడపటినాడు 23.

పెద్దపనులు నడుపువారికి, ఈ కాలపు మాటలో ప్రాజెక్టు మేనేజరులకు, ఏయే నేర్పులు కావలెనని పలువురు వ్రాయుచున్నారు. ఆజ్ఞాపించువారు కొందరు, బుజ్జగించి పని గొనువారు కొందరు. రెండును కావలసినవే, సుగ్రీవుని యాజ్ఞ లేనిదే వానరులు కదలరు. అయినను మొదటి నేర్పు అడుగుట యని నా తలంపు. ఇందుకు నిదర్శనము పూర్వపు కరీంనగరు జిల్లాలోనే కలదు.

2017లో తెలంగాణ ప్రభుత్వము ఆహారభద్రత కార్డుగల కుటుంబములలో 18 ఏండ్లు నిండిన స్త్రీలకెల్ల బతుకమ్మ పండుగకు చీర యియ్య సంకల్పించెను. కోటి చీరల పని! అప్పులను, ఆత్మహత్యలను చూచిన సిరిసిల్లలోని సాంచాలకు, అనగా మరమగ్గములకు, పని కల్పించుట మరియొక యుద్దేశము. సంకల్పము మంచిదే, కాలము చాలలేదు. అన్నియు సిరిసిల్లలో నేయ వీలుగాక సుమారు సగము సూరతునుండి తెప్పించిరి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో పొలము పనులు చేయువారు, బీడీలు చుట్టువారు చేనేత చీరలు వచ్చునని యెదురుచూచిరి. వచ్చినవి పలుచని పాలియెస్టరు చీరలు. సెప్టెంబరులో జగిత్యాల ప్రాంతమున కొందరు స్త్రీలు వానిని తగులబెట్టిరి.

ఊరక వచ్చిన చీరకు వంకలేల యని వారిని నిందించినవారు కలరు. నేనట్లు తలపను. బతుకమ్మ నాడు కట్టు చీర ఆడబిడ్డకు పుట్టింటి మర్యాద. దానిని కట్టబోవు స్త్రీని ముందుగా ఎవరైన నడిగిరా?

నేయువారినైనను అడుగవలెను గదా. సిరిసిల్లలో యజమాని దారము తెచ్చి యిచ్చును. ఆసామి తన సాంచాలమీద నేయించును. భీములు నింపువారు వేరు, కండెలు చుట్టువారు వేరు. ఈ కండెల పనిలో స్త్రీలు మెండు. నేతకాడు పలు సాంచాలను కనిపెట్టుచు, నేసినదాని లెక్కన కూలి పుచ్చుకొనును. పైవారి నిర్ణయము నెల యాలస్యమైనచో ఆ నెల వీరికి రాత్రి పనియై తేలును. పండుగ మనకొఱకు ఆగదు. ఏ సాంచా రోజుకెంత నేయునో, ఏ దారము మాటిమాటికి తెగునో పట్టణపు కచేరీ కాగితములలో నుండదు. కండెలు చుట్టునామె నడిగిన తెలియును. నలునివలె నామెయు తానై చెప్పదు.

తరువాతి యేడులలో పని యంతయు సిరిసిల్లకే యప్పగించి, చేనేత జౌళి శాఖవారు నెలల ముందుగనే నేత మొదలిడించిరి. అంచున నగిషీ కొఱకు సాంచాలకు డాబీలమర్చిరి. 2018లో శాసనసభ యెన్నికల నియమావళి యడ్డువచ్చి చీరలు పండుగ దాటినపిమ్మట పంచబడినవి. అది నేతవారి తప్పు గాదు. 2019లో 10 నమూనాలు, ఒక్కొక్కటి 10 రంగులలో నేసిరి. స్త్రీల యభిరుచులను విచారించుటయు మొదలయ్యెను. గోచిపోసి కట్టు వృద్ధులకై 9 మీటర్ల చీరను వేరుగా నేయించిరి. అన్నిటికంటె నాకు నచ్చినది ఈ చీరయే. ఎవరో యొక ముసలమ్మ నడిగియుందురు.

ఒక ప్రశ్న మాత్రము మిగిలిపోయినది: ఈ పని యాగిన మరునాడు సాంచాలమీద నేమి నేయవలెను? ఏటేట ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొనిన యూరు వేరు బేరము వెదకుట తగ్గించినది. 2024లో బతుకమ్మ చీరల పని నిలిచిపోగా ఎన్నో సాంచాలు మూగవోయినవి. కండెలు చుట్టు స్త్రీల చేతికి కూలి రాలేదు. 2025లో స్వయంసహాయక సంఘముల స్త్రీలకై చీరలు నేయు పని సిరిసిల్లకు మరల వచ్చినది. ఈ మారును కొనువారు ప్రభుత్వమువారే.