మంచం పట్టినవారికి ఇంటి సేవ: దుప్పటి తీసి చూసేదెవరు?

పక్షవాతం వచ్చాక మా అమ్మమ్మ మంచానికే పరిమితమైంది. వారానికోసారి నర్సు ఇంటికి వచ్చేవారు. బీపీ, షుగరు చూసి పుస్తకంలో రాసేవారు. ఒక్క వారం కూడా మానలేదు. కానీ దుప్పటి తీసి కాళ్లు చూడాలని ఆమెకెవరూ చెప్పినట్టు లేదు, మాకూ తెలియదు. పరుపు మీద తడి మరక కనిపించాకే ఎడమ మడమకు పుండు పడిందని గుర్తించాం.

పుస్తకం చూస్తే ఆ సేవలో లోటేమీ కనిపించదు. ఎన్నిసార్లు వచ్చారన్నదే లెక్క కాబట్టి.

పడక పుండు వెనకున్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం. పడుకున్న మనిషి బరువు పరుపంతటా సమానంగా పడదు. మడమ, తుంటి, నడుము కింది ఎముక దగ్గర చిన్న చోటు మీదే ఎక్కువ భారం ఉంటుంది. 1930లో యూజీన్ లాండిస్ చర్మంలోని కేశనాళికల్లో రక్తపీడనం కొలిస్తే, ధమని వైపు సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉన్నట్టు తేలింది. బయటి ఒత్తిడి అంతకు మించి గంటల తరబడి ఉంటే రక్తం అందక కణజాలం దెబ్బతింటుంది. ఇది అందరికీ ఒకేలా వర్తించే హద్దు కాదు, వయసు, పోషణ, చర్మం తడిని బట్టి మారుతుంది. ఆరోగ్యవంతులు నిద్రలో తెలియకుండానే ఒత్తిగిలుతుంటారు. మంచం పట్టినవారిని ఇంకొకరు తిప్పాలి. ఆ ఇంకొకరు నర్సు కాదు, ఇరవై నాలుగు గంటలూ పక్కనుండే ఇంటి మనిషి.

కేరళ ఈ సంగతిని ముందే గ్రహించింది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో మొదలైన పాలియేటివ్ కేర్ తర్వాత ఊళ్లలోని వాలంటీర్ల చేతికి వచ్చింది. 2008లో రాష్ట్రం దానికి విధానం ప్రకటించింది. పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులు ఇళ్లకు వెళ్తారు. రోగిని చూడటంతో పాటు ఇంట్లోవాళ్లకు నేర్పడమూ ఆ సేవలో భాగమే.

నేర్పాల్సినది పెద్దగా లేదు, కానీ తెలియకపోతే తట్టదు. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే ప్రమాదమని పుస్తకాల్లో ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు తేలిగ్గా కనపడదు. చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే అక్కడ వెచ్చగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. మడమ పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. మందుల షాపులో అమ్మే గాలి రింగు వద్దు, దాని అంచు చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. ఎర్రబడిన చోట మర్దన కూడా చేయకూడదు.

ముప్పు ఎవరికి ఎక్కువో అంచనా వేయడానికి 1987లో ప్రచురితమైన బ్రేడెన్ స్కేలు ఉంది. స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు రావచ్చు, తగ్గేకొద్దీ ముప్పు ఎక్కువ. యంత్రమేమీ అక్కర్లేదు. బీపీ గడి పక్కన ఈ అంకెకు, కొత్త పుండు పడిందా లేదా అన్నదానికి చోటిస్తే పుస్తకం వేరే కథ చెబుతుంది.

మాకు దిండు పెట్టడం నేర్పింది పక్క వీధిలో ఉండే రిటైర్డ్ స్టాఫ్ నర్సు. అప్పటికే పుండు పడింది. అది మానడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.