అరవై, డెబ్బై, వెయ్యి పున్నములు

2026 మార్చి 19న ఉగాదితో పాటు పరాభవ నామ సంవత్సరం వచ్చింది. వినగానే మొహం చిట్లించాల్సిన పేరే గానీ, 1966 ఉగాది తర్వాత ఏడాది లోపు పుట్టినవాళ్ళకు మాత్రం అది సొంత ఏడు. వాళ్ళు భూమ్మీద పడ్డప్పుడు పంచాంగం మీదున్న పేరు, మిగతా 59 పేర్లూ వరసగా నడిచి వెళ్ళాక, మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాలకు ఉన్నవి అరవై పేర్లే. ఆ చుట్టు మొత్తం చూసిన మనిషికి చేసే వేడుక షష్టిపూర్తి. 1982కి అటూ ఇటూ పదో తరగతి పరీక్షలు రాసిన బ్యాచ్‌లకు ఇప్పుడు పిలుపులే పిలుపులు.

ఈ అరవై లెక్క ఊరికే పుట్టింది కాదు. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు పడుతుంది, శనికి ఇరవై తొమ్మిదిన్నర. గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు తిరిగేసరికి ఇద్దరూ ఇంచుమించు బయల్దేరిన చోటికే చేరతారు. చైనా, కొరియా, జపాన్‌లలోనూ అరవై ఏళ్ళ చక్రం ఉంది. జపాన్‌లో అరవై నిండినవాళ్ళకు ఎర్ర టోపీ పెట్టి, చేతుల్లేని ఎర్ర కోటు తొడుగుతారు. ఎరుపు అక్కడ పసిపిల్లలకు వేసే రంగు, అంటే పెద్దాయన మళ్ళీ పుట్టినట్టు లెక్క. కన్రెకి అంటారు ఆ వేడుకను. మనవాళ్ళు మళ్ళీ పుట్టించరు, మళ్ళీ పెళ్ళి చేస్తారు.

అయితే పురోహితుల దృష్టిలో ఇది పుట్టినరోజు పండుగ కాదు, శాంతి. అరవయ్యో ఏడు గండాల ఏడని, దాన్ని దాటించడానికి దేవతలను ప్రార్థించాలని పెద్దల నమ్మకం. అందుకే 59 నిండి అరవైలో అడుగుపెట్టగానే చేసేదానికి ఉగ్రరథ శాంతి అని పేరు. అరవై నిండాక షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం. ఈ వరసలో అందరిదీ ఒకే మాట కాదు. భీమరథ రాత్రి అంటే 77వ ఏట ఏడో నెల ఏడో రాత్రి అని చెప్పే పాత లెక్క ఒకటుంది. వాడుకలో మాత్రం డెబ్బై నిండగానే కానిచ్చేస్తున్నారు. భయం నుంచి పుట్టిన క్రతువు వేడుకగా మారడంలో వింతేమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చుట్టూ ఉండేది. పసిపిల్లల మరణాలే ఆ సగటును ఎక్కువగా కిందికి లాగాయన్నది నిజమే గానీ, అరవై దాటిన మనిషి కూడా అప్పట్లో ఊళ్ళో ప్రత్యేకమే. ఇప్పుడు ఆ సగటే డెబ్బైకి వచ్చింది. అరవై నిండిన ఆయన పక్కనే ఎనభై అయిదేళ్ళ తల్లి కూర్చుని అక్షింతలు వేస్తున్న ఇళ్ళు ఎన్నో.

క్రతువులో చూడదగ్గ ఘట్టాలు మూడున్నాయి. గణపతి పూజ, పుణ్యాహవాచనం, నవగ్రహాలు, ఆయుష్య హోమం అయ్యాక కంచు గిన్నెలో కరిగిన నెయ్యి పోసి యజమాని ముందు పెడతారు. ఆయన వంగి ఆ నేతిలో తన ముఖం చూసుకోవాలి. నెయ్యి కదలడం ఆగి, ముఖం తేటపడే దాకా చూసి, గిన్నెతో సహా దానం ఇచ్చేయాలి. పట్టుకున్న కీడంతా ఆ నీడతోనే పోతుందని నమ్మకం. రెండోది స్నానం. మంత్రించిన కలశాల నీళ్ళు దంపతుల తల మీద పోస్తారు; కొందరు జల్లెడ అడ్డం పెడతారు, నీళ్ళు నూరు ధారలుగా పడాలని. ముందు కొడుకులు, కూతుళ్ళు, తర్వాత అల్లుళ్ళు, కోడళ్ళు, మనవలు వరసపెట్టి పోస్తుంటే ఏ పురోహితుడూ ఆపలేడు. ఆ తర్వాత మూడోది: పట్టుబట్టలు, దండలు మార్చుకోవడం, మళ్ళీ మాంగల్యధారణ, తలంబ్రాలు. నలభై ఏళ్ళ కిందటి పెళ్ళిలో తలెత్తి చూడ్డానికి కూడా సిగ్గుపడ్డ మనిషి, ఇప్పుడు మనవరాలి చేత పూలజడ సవరించుకుంటూ ఆయన నెత్తిన దోసెడు తలంబ్రాలు గుమ్మరించడం చూసినవాళ్ళకు ఫొటోగ్రాఫర్ చెప్పే భంగిమలు అక్కర్లేదు.

తమిళనాట తిరుక్కడయూరులో ఇది ఊరి బతుకుతెరువే అయింది. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి తన్నింది అక్కడేనని స్థలపురాణం. అమృతఘటేశ్వరుడు, అభిరామి అమ్మవారు కొలువైన ఆ గుడికి అరవై నిండిన, ఎనభై నిండిన దంపతులు పిల్లాజెల్లాతో బారులు తీరతారు. ఒకే ప్రాకారంలో పక్కపక్కనే పలు జంటలకు పెళ్ళి జరిగిపోతూ ఉంటుంది. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళూ తక్కువేం కాదు.

సహస్ర చంద్ర దర్శనానికి కావాల్సిన వెయ్యి పున్నముల లెక్క దగ్గర చాలా ఇళ్ళలో వాదన నడుస్తుంది. ఏడాదికి 12 పున్నములని గుణిస్తే 83 ఏళ్ళ 4 నెలలు వస్తుంది. కానీ అధిక మాసాల పున్నములు దీంట్లో కలవలేదు. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు; వెయ్యింటికి 29,530 రోజులు; అంటే ఇంచుమించు 80 ఏళ్ళ 10 నెలలు. అందుకే కొందరు 81వ ఏట, కొందరు 84లో చేస్తారు. ముందు చేసుకున్నవాళ్ళు తప్పు చేసినట్టు కాదు, లెక్క వాళ్ళదే సరైనది.

సర్కారు కాగితాల్లోనూ ఇవే మైలురాళ్ళు ఉండడం తమాషా. 60 నిండితే చట్టం ప్రకారం వయోవృద్ధులు. 70 నిండితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వైద్యం, 2024 అక్టోబర్ నుంచి. 80కి ఆదాయపు పన్నులో మరో మెట్టు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు అప్పటినుంచి మూల పింఛను 20 శాతం పెరుగుతుంది, నూరేళ్ళు నిండితే రెట్టింపవుతుంది. ఈ వేడుకలకు ఖజానా చదివించే కట్నం అనుకోవాలి.

రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు మాత్రం నిలకడగా ఉన్నది కాదు. 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయిన కొత్తలో దాన్ని 58 నుంచి 55కి తగ్గించారు. ఆ మే 28న ఆయనకు అరవై నిండాయి! వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తర్వాత వయసు మళ్ళీ 58కి వచ్చింది. వయసు 58గా ఉన్న రోజుల్లో ఉద్యోగి ముందు రిటైరై, పింఛను కాగితాలు సర్దుకుని, గ్రాట్యుటీ డబ్బుతో తీరిగ్గా షష్టిపూర్తి చేసుకునేవాడు. 2021 నుంచి తెలంగాణలో 61, 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 62. ఇప్పుడాయన సెలవుచీటీ పెట్టి పెళ్ళిపీటల మీద కూర్చోవాలి. ఆఫీసు మొత్తం భోజనాలకు రావడం దీనివల్ల కలిగిన లాభం.

ఇంతకీ పుట్టినరోజు ఏది? డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్న చాలామందికి ఈ ప్రశ్నే చిక్కు. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు ఒకటో తరగతికి సరిపడా వయసు చూసుకుని జులై 1 అని రాసేశారు. సర్టిఫికెట్ నుంచి ఆధార్ దాకా అదే నడిచింది. బడికే పోనివాళ్ళకు అదీ లేదు. ‘రజాకార్ల గొడవప్పుడు చంకలో బిడ్డవు’ అనో, ‘రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన కరువేడు’ అనో అమ్మ చెప్పిన గుర్తే ఆధారం. జాతకం రాయించుకున్న ఇంట్లో తిథి, నక్షత్రం తెలిసినా అవి ఇంగ్లీషు తేదీతో రోజుల తేడాలో పడతాయి, ఒక్కోసారి వారాల తేడాలో.

శ్రీశ్రీ విషయంలోనూ ఒకటికి మించిన తేదీలు చెలామణిలో ఉన్నాయి. సాధారణంగా ఏప్రిల్ 30న జరుపుతారు గానీ, విశాఖపట్నంలో ఆయన షష్టిపూర్తి జరిగింది 1970 ఫిబ్రవరిలో. తెలుగునాట మరే షష్టిపూర్తీ అంత దుమారం లేపలేదు. దండలు, ప్రసంగాలు, పొగడ్తలతో సాగాల్సిన సభలో విశాఖ విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. శ్రీకాకుళం రైతాంగ పోరాటంతో రగులుతోంది, రచయితలు ఎటు వైపో చెప్పాలని అందులో నిలదీశారు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన సాహిత్యకారులు అక్కడే రెండుగా చీలి వాదించుకున్నారు. ఆ వేడి చల్లారక ముందే, జులై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం పుట్టింది. షష్టిపూర్తి పెళ్ళికొడుకే దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. అరవై ఏళ్ళు నిండినాయనకు విశ్రాంతి ఇద్దామని పెట్టిన సభ ఆయనకు కొత్త ఉద్యోగం ఇచ్చి పంపింది.

సాహిత్యకారుల పుట్టినరోజులకు సంచికలు వేసే అలవాటు అంతకు చాలా ముందే ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తికి 70 ఏళ్ళు నిండిన 1933లో పండితుల వ్యాసాలతో ఒక సంపుటమే వెలువరించారు. ఇప్పటి కుటుంబాలు వేసే ‘జ్ఞాపికల పుస్తకం’లో రంగుల ఫొటోలు ఎక్కువ, రాత తక్కువ. మేనల్లుడి చేత, పాత ఇంటి పక్కవాళ్ళ చేత తలా ఒక పేజీ రాయిస్తే ఆ పుస్తకాన్ని అతిథులు బల్ల మీద వదిలేసి వెళ్ళరు.

ఈ మొత్తం వ్యవహారంలో ఒక అన్యాయం ఉంది. షష్టిపూర్తి లెక్క భర్త వయసును బట్టే. ఆ రోజు పీటల మీద కూర్చున్న ఆవిడకు 54 ఉండొచ్చు, 57 ఉండొచ్చు. తర్వాత కొన్నేళ్ళకు ఆవిడకూ అరవై నిండుతాయి. ఆ పూట టిఫిను చేసిపెట్టేది ఆవిడే. భర్త ముందే పోతే ఆ మాత్రం వేడుక కూడా ఉండదు, జంట లేదని. నిజానికి ఆయుష్య హోమాన్ని ఏడాది నిండిన పసివాడికీ చేస్తారు. దానికి పెళ్ళాం కావాలని ఎవరూ అడగరు. మరి ఒంటరిగా ఉన్న అమ్మకు చేయడానికి అడ్డమేమిటి? శాస్త్రం కన్నా ‘నలుగురూ ఏమంటారో’ అన్న బెరుకే ఎక్కువ. ఈ మధ్య కూతుళ్ళు కొందరు ఆ బెరుకు పక్కన పెట్టి, అమ్మ అరవైకి ఆవిడ పుట్టింటి వాళ్ళను, చిన్ననాటి నేస్తాలను పిలిచి భోజనం పెడుతున్నారు. హోమం ఉన్నా లేకపోయినా, పిలిచిన జాబితా ఆవిడది కావడమే అందులో కొత్త.

జాబితాలు సాధారణంగా అలా తయారు కావు. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటే, ‘నాన్నా, నక్షత్రం ఎప్పుడైతేనేం, డిసెంబర్‌లో పెట్టుకుందాం, మాకప్పుడే సెలవులు’ అన్న ఫోనుతోనే తేదీ ఖాయమవుతుంది. ఫంక్షన్ హాలు, కేటరింగు, డ్రోను కెమెరా అన్నీ వాట్సాప్‌లో కుదిరిపోతాయి. పెద్దాయనను అడిగేది ఒక్కటే, పంచె కండువా ఏ రంగు కావాలని. ఆయన మనసులో ఉన్న నలుగురు, అంటే బస్టాండు పక్కన సైకిల్ షాపు స్నేహితుడు, పదో తరగతి బెంచీలో పక్కన కూర్చున్నవాడు, పిలిచిన నాలుగొందల మందిలో ఉండకపోవచ్చు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు ఈ లోటు కొంత తీరుస్తున్నాయి. ఒకే తరగతివాళ్ళు ఇంచుమించు ఒకేసారి అరవైలోకి వస్తారు కాబట్టి, చదివిన బడి ఆవరణలోనే షామియానా వేసి, బతికున్న మాస్టార్లను పిలిచి శాలువా కప్పి, ఒకళ్ళనొకళ్ళు ‘ఒరేయ్’ అనుకోగలిగిన పూట అది.

ఇక వేడుక రోజు చూసుకోవాల్సిన చిన్న సంగతులు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను రెండు గంటలు పీట మీద కూర్చోబెట్టడం ఎందుకు? ఎత్తు తక్కువ కుర్చీకి పురోహితులూ ఒప్పుకుంటారు, ముందుగా చెబితే చాలు. ఉపవాసం ఉండాలని షుగరు మాత్ర వేసి టిఫిను మాన్పిస్తే హోమం మధ్యలోనే కళ్ళు తిరుగుతాయి. ఏం తినొచ్చో, మాత్ర ఎప్పుడో డాక్టరును ముందే అడగాలి. ఆస్తమా ఉన్న అత్తయ్యకు పొగ తగలని చోటు చూడాలి. కలశాల నీళ్ళు గోరువెచ్చగా ఉంటే మంత్రం బలం తగ్గదు. డిసెంబర్‌లో తడిబట్టలతో ఫొటోల కోసం నిలబెట్టకుండా, తువాలు పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. పులిహోర, గారెలు, బొబ్బట్లు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన మెత్తటి అన్నం, పప్పుచారు, కారం తక్కువ కూర ఒకటి చెప్పి చేయించాలి. పెద్దవాళ్ళ బంతి పన్నెండున్నరకల్లా లేవాలి. ఎమ్మెల్యేగారు వచ్చే దాకా ఆకులు వేయొద్దనే వాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మైకు, సన్మాన పత్రం అలా అనే ఆయన చేతికిచ్చి అటు పంపి, ఇటు వడ్డన మొదలుపెట్టించడం కోడళ్ళకు బాగా తెలిసిన విద్య.